బోర్డు మీద పేరు – పలక మీద ధర

హోటలు బోర్డుకీ సాహిత్య విమర్శకీ సంబంధం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అడగడంలో తప్పు లేదు. పుస్తకానికి ఆ పేరు ఎందుకు పెట్టారు, అట్ట మీద ఆ బొమ్మ ఎందుకు వేశారు, మొదటి వాక్యం ఎవరిని వుద్దేశించి రాశారు అని ఆలోచించేవాళ్ళం మనం. హోటలు బోర్డు కూడా రచనే. దానికి కర్త వున్నాడు, పాఠకుడు వున్నాడు, ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం వుంది. అయితే ఒక తేడా వుంది. కథ చదవకపోయినా మనిషికి పూట గడుస్తుంది. బోర్డు చూసి లోపలికి వెళ్ళవచ్చో కూడదో తేల్చుకోలేని మనిషికి ఆ పూట గడవదు. అందుచేత ఈ రచనను మరికొంచెం జాగ్రత్తగా చదవవలసి వుంటుంది.

ఈ ఆలోచనకు నన్ను పురికొల్పింది మా వీధి హోటలు. బందరులో మేమున్న వీధి మలుపులో నలభై యేళ్ళు పైబడిన హోటలు ఒకటి వుంది. దానికంటూ పేరు లేదు. రేకు మీద ఎప్పుడో ఎవరో పెయింటరు ‘టిఫిన్ – భోజనం’ అని నీలం రంగు అక్షరాలు రాశాడు. ఎండకీ ఉప్పుగాలికీ వాటిలో సగం వెలిసిపోయాయి. ఊళ్ళో అందరూ దాన్ని ‘చింతచెట్టు హోటలు’ అంటారు. చింతచెట్టు కూలిపోయి చాలాకాలమైంది. చెట్టు పోయింది గాని పేరు పోలేదు. గిలకలదిండి నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళు, ముఠా కూలీలు, ఆసుపత్రి పనిమీద పెదన నుంచి వచ్చే నేతపనివాళ్ళు, కోర్టు వాయిదాకు వచ్చిన రైతులు, బస్సు తప్పిన విద్యార్థులు – వీళ్ళు అక్కడి నిత్య పాఠకులు. గోడకు ఒక నల్లపలక. దానిమీద సుద్దముక్కతో ఆ పూట ధరలు. లోపలికి వచ్చిన మనిషి ముందు పలకవంక చూస్తాడు, ఆ తర్వాతే కూర్చుంటాడు.

యజమాని కొడుకు నా దగ్గర చదువుకున్నవాడు. ఒక సాయంత్రం మూడు నమూనాలు పట్టుకొచ్చి బల్లమీద పరిచాడు. విజయవాడలో డబ్బిచ్చి చేయించుకొచ్చినవి.

“పాత బోర్డుతో బేరం నడవదంటున్నారు మాస్టారూ. పేరు మీరే పెట్టాలి. తెలుగుదనం వుట్టిపడాలి. నాలుగు వాక్యాలు కూడా రాసివ్వండి, మెనూ కార్డుమీద వేయిస్తాను” అన్నాడు.

“నాన్నగారేమంటున్నారు?”

“ఆయనదేముందండీ, పెయింటు మారిస్తే చాలంటారు.”

మొదటి నమూనాలో అరిటాకు, ఇత్తడి చెంబు, ముక్కుపుడక పెట్టుకున్న ముసలమ్మ బొమ్మ. రెండవదానిలో నలుపు మీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు ఎక్కడో మూల చీమంత వుంది. మూడవదానిలో మీసం మెలేసిన పెద్దమనిషి, కింద వాళ్ళ కులం తెలిసిపోయేటట్లుగా ఒక బిరుదు. మూడూ బాగానే వున్నాయి. రంగులు కళ్ళకింపుగా వున్నాయి. అతను వెళ్ళిపోయిన తర్వాతగాని నాకు తట్టలేదు: మూడింటిలోనూ నల్లపలక లేదు.

అచ్చు వేయడం

ఈ పనిని వ్యాపార పరిభాషలో బ్రాండు గుర్తింపు మార్చడం అంటారు. పేరు, అక్షరాల తీరు, రంగు, బొమ్మ, మెనూ కార్డు, వడ్డించేవాళ్ళ దుస్తులు, పళ్ళెం ఆకారం – ఇవన్నీ కలిసి ఒకే మాట చెప్పేటట్లు చేయడం దాని సారాంశం. దూరం నుంచి చూసినా, పేరు సగమే కనిపించినా, ‘ఇది ఫలానా’ అని మనిషి గుర్తుపట్టాలి. ఒకసారి గుర్తుపట్టిన తర్వాత రుచి గురించీ ధర గురించీ కొత్తగా ఆలోచించకుండా నడిచి రావాలి.

ఇంగ్లీషులో బ్రాండు అనే మాటకు మూలార్థం కాల్చిన గుర్తు. పశువు ఎవరిదో తెలియడానికి దాని వొంటిమీద కాల్చి వేసే వాత అది. మనకీ ఆ మాట కొత్తది కాదు. ‘అచ్చోసిన ఆంబోతు’ అంటాం. అయితే అక్కడున్న తేడా చూడండి. ఇంగ్లీషు పశువుకు వేసిన గుర్తు సొంతదారుడిని చెబుతుంది. మన ఆంబోతుకు వేసిన అచ్చు, ఇక అది ఏ ఒక్కడి సొత్తూ కాదనీ, దేవుడి పేర ఊరికి వదిలేశారనీ చెబుతుంది. ఒకే కాల్పు గుర్తు ఒకచోట ఆస్తిని ప్రకటిస్తుంది, మరొకచోట ఆస్తి కాకపోవడాన్ని ప్రకటిస్తుంది. గుర్తులో స్వతస్సిద్ధమైన అర్థం లేదు. ఎవరు వేశారు, ఎవరికోసం వేశారు అన్నదానిలోనే అర్థం వుంది. ఈ వ్యాసానికి ఆధారమైన ప్రశ్న ఇదే.

పేరులేని ఇల్లు, కులం రాసిన బోర్డు

డబ్బు తీసుకుని అన్నం పెట్టే వ్యవహారం మనకు కొత్తది కాదు. ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన క్రీడాభిరామంలోనే పూటకూటి యింటి ప్రసక్తి, అక్కడి భోజనం ధర కూడా వున్నాయి. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ వుంది. ఆమెను అందరూ ఆ వృత్తిపేరుతోనే పిలుస్తారు. నలుగురికి అన్నం వండిపెట్టి బతికే వితంతువుకు ఆ సమాజం వుంచిన గుర్తింపు అది. ఆ యింటికి బోర్డు అవసరం లేదు. ఎవరు రావచ్చో, ఎవరు గడప తొక్కకూడదో ఊరికంతటికీ ముందే తెలుసు. బోర్డు పని కులమే చేసేది.

కాలువలు, రైలు, కోర్టులు, కాలేజీలు వచ్చిన తర్వాత అపరిచితులు బజారున పడ్డారు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. డెల్టాలో ధాన్యం పెరిగింది, ధాన్యం వెంట వర్తకమూ వ్యాజ్యాలూ పెరిగాయి. ఊరుకాని ఊళ్ళో పూట గడుపుకోవలసిన మనుషులు ఎక్కువయ్యారు. గుడివాడలో దిగిన మనిషి కులం ఎదుటివాడికి తెలియదు. హోటలువాడి కులం దిగినవాడికి తెలియదు. అందుకే కులం బోర్డెక్కింది. ‘బ్రాహ్మణ కాఫీ హోటలు’ అన్న బోర్డులు తెలుగుదేశంలోనూ తమిళదేశంలోనూ చాలాకాలం వేలాడాయి. ఆ బోర్డు వండేవాడు ఎవరో చెబుతున్నట్లు కనిపిస్తుంది. నిజానికి తినేవాడు ఎవరు కాకూడదో చెబుతుంది. దానికి ఎదురుగా మాంసం పెట్టే చోటికి ‘మిలిటరీ హోటలు’ అని పేరు. రెండు పేర్లూ కలిపి చదివితేనే బజారు కుల చిత్రం పూర్తవుతుంది.

రాజ్యాంగం 15వ అధికరణం రెండవ క్లాజు హోటళ్ళలోకి, దుకాణాల్లోకి కులం పేర ఎవరినీ రానివ్వకుండా ఆపకూడదన్నది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని పౌరహక్కుల రక్షణ చట్టంగా మార్చారు. చట్టం తలుపు తెరిచింది గాని బోర్డు దానంతట అది దిగలేదు. 1957లో మద్రాసు ట్రిప్లికేనులో ఒక కేఫు బోర్డు మీది ‘బ్రాహ్మణ’ అన్న మాట తీసేయాలని పెరియార్ నాయకత్వాన నెలల తరబడి ఆందోళన సాగింది. జనం జైళ్ళకు వెళ్ళారు. చివరికి యజమాని ఆ మాట తొలగించాడు. ఒక్క విశేషణం కోసం అంత పోరాటమా అని ఆనాడు నవ్వినవాళ్ళూ వున్నారు. విశేషణం ఎంత పని చేస్తుందో సాహిత్య విద్యార్థులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇది పాతకథ అనుకోవడానికి వీల్లేదు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో వున్న తినుబండారాల దుకాణాలన్నీ యజమానుల పేర్లు బోర్డులమీద రాయాలన్నారు. పేరు చూస్తే మతం తెలుస్తుందన్నది అందులోని అసలు ఉద్దేశమని ఎవరికి తెలియదు? సుప్రీంకోర్టు జూలై 22న దాన్ని నిలిపివేసింది. ఏ రకం ఆహారమో చెప్పమనవచ్చు గాని యజమాని పేరు రాయమని బలవంతం చేయరాదన్నది. వండేవాడి పేరు, వండిన వస్తువు పేరు – ఈ రెంటికీ మధ్య గీసిన ఆ గీత చాలా విలువైనది.

మరి మన బజారులో జరుగుతున్నదేమిటి? తొలగించిన విశేషణం వెనకదారిన తిరిగివస్తోంది. ఒకప్పుడు ‘వీళ్ళు వండారు, తినవచ్చు’ అని భరోసా ఇవ్వడానికి కులం రాసేవారు. ఇప్పుడు ‘వీళ్ళ వంట ఘనమైనది’ అని రుచికి గుర్తుగా రాస్తున్నారు. రాజుగారి పలావు, రెడ్డిగారి విందు, చౌదరిగారి పులుసు. కులం రుచిగా మారిపోయింది. పులుసు తింటున్నాం కదా అందులో తప్పేమిటని అడగవచ్చు. ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఏ కులాల పేర్లు బోర్డెక్కుతున్నాయి, ఏ కులాల పేర్లు ఎక్కడం లేదు? ఈ డెల్టాలో చేపల కూర అందరికంటే బాగా తెలిసినవాళ్ళు చేపలు పట్టేవాళ్ళే. వాళ్ళ కులం పేరు ఏ ఎయిర్ కండిషన్ హోటలు తలమీదా కనిపించదు. జవాబు అక్కడే వుంది.

అన్న, అమ్మ, బాబాయి

కులం పేరుకు ప్రత్యామ్నాయంగా జనం కనిపెట్టుకున్నది చుట్టరికం. విజయవాడ గాంధీనగరంలోని బాబాయ్ హోటలు పేరు వినని కృష్ణాజిల్లా మనిషి వుండడు. యజమానిని పిలిచే పిలుపే హోటలు పేరైపోయింది. ఈ పేరు పెట్టింది డబ్బు పెట్టినవాడు కాదు, తిన్నవాడు. మా చింతచెట్టు హోటలూ ఈ జాతిదే. పాకలో వుంటే పాక హోటలు, వంతెన పక్కనుంటే వంతెన హోటలు. ఇవి జానపద రచనల్లాంటివి, కర్త సమూహం.

ఈ చుట్టరికాన్ని రాజకీయం చేయి చాచి అందుకుంది. 2013లో మద్రాసులో ‘అమ్మ’ ఉణవగం వచ్చింది. 2017లో బెంగుళూరులో ఇందిరా క్యాంటీన్లు వచ్చాయి. 2018 జూలైలో మన రాష్ట్రంలో ‘అన్న’ క్యాంటీన్లు వచ్చాయి. పూటకు అయిదు రూపాయలు. అన్న అంటే ఎవరో ఈ ప్రాంతంవాళ్ళకు చెప్పనక్కరలేదు. నిమ్మకూరు గుడివాడకు ఎంతో దూరంలో లేదు. మాటగా చూస్తే ఈ పేరు గొప్ప ఎన్నిక. సోదరుడు, నాయకుడు, తినే అన్నం – మూడూ ఒక్క పదంలో ఇమిడిపోయాయి. ఏ అలంకారికుడైనా శ్లేషకు ఉదాహరణగా చూపదగిన బోర్డు అది.

శ్లేషకు ఒక ప్రమాదం వుంది. రెండర్థాల్లో ఒకటి గిట్టనివాడు రెండోదాన్నీ తోసేస్తాడు. 2019లో ప్రభుత్వం మారింది, క్యాంటీన్లు మూతపడ్డాయి. నాయకుడి పేరు మీది కోపం తినేవాడి పళ్ళెం మీద పడింది. మళ్ళీ ప్రభుత్వం మారిన తర్వాత, 2024 ఆగస్టు 15న, వాటిని గుడివాడలోనే తిరిగి ప్రారంభించారు. ఈ అయిదేళ్ళ మధ్యకాలంలోనే రంగుల వ్యవహారం కూడా నడిచింది. పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేస్తే హైకోర్టు తీసేయమన్నది. 2020లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును కాదనలేదు. ప్రజల డబ్బుతో కట్టిన గోడకు ఏ పార్టీ రంగూ వుండరాదన్నది ఆ తీర్పుల సారాంశం. పేరు విషయంలో అటువంటి హద్దు ఇంకా రాలేదు. హైదరాబాదులో అయిదు రూపాయల భోజనానికి వున్న ‘అన్నపూర్ణ’ పేరును 2025లో ‘ఇందిరా’గా మార్చారు.

గుడివాడ క్యాంటీనులో నేనూ ఒక మధ్యాహ్నం వరసలో నిలబడ్డాను. నా ముందున్న రిక్షా కార్మికుణ్ణి “ఈ బోర్డు మీద ఏముంది?” అని అడిగాను. “అయిదు రూపాయలండి” అన్నాడు. అన్నగారి బొమ్మ, పార్టీ రంగు, పథకం పేరు, వీటిలో ఏదీ అతను చెప్పలేదు. ఆ హోటలు అసలు బ్రాండు అంకె. ఆ అంకె కింద నిలబడినవాడికి సిగ్గుపడవలసిన పని లేదు, ఎవరినీ అడగవలసిన పని లేదు. దానికి లోపాలు లేవని కాదు. వండి పంపే పని హరేకృష్ణ సంస్థ చేతిలో వుండడంవల్ల చేపల దేశంలో పళ్ళెంలో గుడ్డు కూడా వుండదు. పేదవాడి ఆకలి తీర్చేటప్పుడు అతని రుచిని అడగడం ఎవరికీ అలవాటు లేదు. అయినప్పటికీ ధరను పేరుకంటే పెద్దగా చెప్పిన బోర్డుగా దాన్ని మనం గుర్తుపెట్టుకోవాలి.

అమ్మమ్మ చేతివంట

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట గుడివాడ రోడ్డుమీద కొత్తగా పెట్టిన ఒక హోటలువాళ్ళు మెనూ కార్డుకు ముందుమాట రాసిమ్మన్నారు. రాసిచ్చాను. అమ్మమ్మ చేతివంట, కట్టెలపొయ్యి, వెన్నెల్లో గోరుముద్దలు – కూర్చుని ఒక గంటలో రాసేశాను. ఎమ్మే చదివిన తెలుగు అటువంటి పనికి ఇట్టే లొంగుతుంది. ప్రారంభోత్సవం నాడు వంటింట్లోకి తొంగిచూశాను. పొయ్యిదగ్గర వున్నది ఏ అమ్మమ్మా కాదు, ఒరిస్సా నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు. గ్యాసు పొయ్యి సెగకు చెమటలు కక్కుతూ వేపుడు వేస్తున్నారు. తెల్లవారకముందు లేచి, రాత్రి ఆఖరి బల్ల తుడిచిన తర్వాత బియ్యం బస్తాల పక్కనే పడుకుంటారట. నేను రాసిన నాలుగు వాక్యాల్లో వాళ్ళు లేరు. లేకపోవడమే కాదు, వాళ్ళు కనబడకుండా చేయడానికే ఆ వాక్యాలు పనికొచ్చాయి.

‘నేటివిటీ’ అని ఇవాళ బజారులో అమ్ముడుపోతున్న సరుకు స్వభావం ఇది. పల్లెటూరు బోర్డు మీదకు ఎక్కేసరికి పల్లెటూళ్ళో వుండే కూలీ మాయమవుతాడు. ఉలవచారు సంగతే చూడండి. దున్నే ఎడ్లకు వుడికించిన ఉలవల నీటితో కాచుకున్న చారు అది. పశువుతోపాటు పనిచేసిన మనిషి నాలుకమీద పుట్టిన రుచి. ఇప్పుడది మీగడతో కలిపి రాగిగిన్నెలో వస్తోంది. రుచి పైకి రావడం తప్పు కాదు. ఆ రుచిని కనిపెట్టిన మనిషి ఆ బల్లముందు కూర్చోలేని ధర పెట్టి, అతని బొమ్మనే గోడమీద వేలాడదీయడం తప్పు. మాయాబజార్ (1957)లో ఎస్.వి. రంగారావు వేసిన ఘటోత్కచుడి బొమ్మ ఇవాళ ఎన్నో హోటళ్ళ గోడలమీద వుంది. డబ్బివ్వకుండా పెళ్ళివారి వంటంతా తినిపోయినవాణ్ణి డబ్బు లేనిదే నీళ్ళు కూడా పెట్టనిచోట ఆదర్శంగా నిలబెట్టడం మనవాళ్ళకే చెల్లింది!

అక్షరం, రంగు, బొమ్మ

రూపం విషయానికి వస్తే ముందు అక్షరాన్ని చూడాలి. పెయింటరు చేత్తో రాసే రోజుల్లో ప్రతి ఊరి అక్షరానికీ ఒక యాస వుండేది. ఒక పెయింటరు తలకట్టును కత్తిలా లాగేవాడు, మరొకడు ‘ట’కు పొట్ట పెంచేవాడు. అక్షరం చూసి రాసిందెవరో చెప్పగలిగేవాళ్ళం. ఫ్లెక్సీ వచ్చి ఆ వృత్తిని తుడిచిపెట్టింది. ఇప్పుడు బందరు నుంచి నాగాయలంక దాకా తెలుగుదనం అంటే బాపు అక్షరాలే. బాపు చేతిరాత అందమైనదే, అందులో సందేహం లేదు. కాని అది ఒక మనిషి గొంతు. అందరూ ఒకే గొంతుతో పిలిస్తే ఏ పిలుపూ వినిపించదు. ఇప్పుడు కంప్యూటరులో ఉచితంగా దొరికే తెలుగు ఖతులు చాలానే వున్నాయి. గురజాడ, పెద్దన, తిమ్మన, ధూర్జటి అని వాటికి కవుల పేర్లు కూడా పెట్టారు. తేలిగ్గా, ఎడంగా, దూరానికి కనిపించే అక్షరం ఎంచుకోవడం కష్టం కాదు. చదువు తక్కువైన మనిషి అక్షరాల్ని కూడబలుక్కుని చదువుతాడు. వత్తులూ గుడులూ అలంకారంలో కలిసిపోయిన బోర్డు అతన్ని బయటే నిలబెడుతుంది. ఇక ఇంగ్లీషు ఒక్కటే రాసిన బోర్డు చట్టానికి కూడా విరుద్ధమే. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద చేసిన నిబంధనలు బోర్డుమీద తెలుగు వుండి తీరాలంటాయి.

రంగూ బొమ్మా విషయంలో మావూరికి సులభంగా దొరికే ఆయుధం కలంకారీ. ‘బందరు హోటలు కదా, కలంకారీ తీగ ఒకటి వేద్దాం’ అంటాడు విజయవాడ డిజైనరు. పెదనలో ఆ తీగ ఎట్లా పుడుతుందో అతనికి తెలుసునా? గుడ్డను కరక్కాయ నీటిలో తడపాలి. ఇనుపముక్కలు బెల్లం నీటిలో వూరబెట్టి నలుపు చేయాలి. పటికతో అద్దిన చోట చిరివేరు ఎరుపు పట్టుకుంటుంది. టేకుచెక్కమీద ఆ తీగను చెక్కేవాడి వేళ్ళు కాయలు కాచి వుంటాయి. ఇంత శ్రమ ఒక్క క్లిక్కుతో ఫ్లెక్సీమీదకు వచ్చి వాలుతుంది, పెదనకు పైసా చేరదు. నిజంగా కలంకారీ కావాలంటే అచ్చులు చెక్కే పనివాణ్ణి పిలిచి హోటలు పేరే చెక్కించవచ్చు. ఆ ఒక్క అచ్చుతో బిల్లుల మీద, పొట్లాల కాగితం మీద, బల్లగుడ్డల మీద కూడా అద్దుకోవచ్చు. అప్పుడది అలంకారంగా మిగిలిపోకుండా ఒక పనివాడికి దొరికిన పని అవుతుంది.

ఊరిపేరు ఎవరి సొత్తు?

బందరు అనే మాటకు అర్థమే రేవు. ఫారసీ నుంచి వచ్చిన మాట. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడ వర్తకస్థావరాలు పెట్టుకున్నారు. అప్పటినుంచీ ఈ ఊరిపేరు గుడ్డలమీద గుర్తుగా సముద్రాలు దాటింది. నేసినవాడి పేరు దాటలేదు. 1923లో ఇక్కడే భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రాబ్యాంకు స్థాపించారు. 2020 ఏప్రిల్ ఒకటిన అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, బోర్డులు దిగిపోయాయి. పెట్టుబడి లెక్కల్లో పేరు ఎంత తేలికగా చెరిగిపోతుందో బందరువాళ్ళం కళ్ళారా చూశాం.

దీనికి ఎదురుగా నిలబడి వున్నది మా లడ్డు. శనగపిండితో జంతికల్లా వేయించి, రోట్లో తొక్కి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ దంచి చేస్తారు. అందుకే తొక్కుడు లడ్డు అని కూడా అంటారు. ఉత్తరాది నుంచి వచ్చిన బొందిలీలు తెచ్చిన విద్య అని చెప్పుకుంటారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ గుర్తింపుకీ మామూలు ట్రేడ్‌మార్కుకీ వున్న తేడా మనం గ్రహించాలి. ట్రేడ్‌మార్కు ఒక యజమాని ఆస్తి. అతను దాన్ని అమ్ముకోవచ్చు. భౌగోళిక గుర్తింపు ఆ చోట ఆ పద్ధతిలో ఆ వస్తువును చేసేవాళ్ళందరి వుమ్మడి హక్కు. 1999 నాటి చట్టం ప్రకారం దాన్ని ఎవరికీ అమ్మడానికి లేదు. ఒకటి వాత, మరొకటి ఆంబోతుకు వేసిన అచ్చు. హోటలుకు పేరు పెట్టేవాడు ఈ రెంటిలో ఏ దారి పడుతున్నాడో చూసుకోవాలి. జనం పెట్టిన పేరును తుడిచేసి తన సొంతపేరు తగిలించుకుంటున్నాడా, జనం పెట్టినదాన్నే రాసుకుంటున్నాడా?

దివిసీమలో ఇందుకు చక్కని నమూనా వుంది. ఉపాధ్యాయ పరీక్షల శిక్షణకు అవనిగడ్డ పేరుపొందిన చోటు. రాష్ట్రం నలుమూలల నుంచీ నిరుద్యోగులు వచ్చి నెలల తరబడి అక్కడ వుంటారు. వాళ్ళకు అన్నం పెట్టే మెస్సులకు చాలావాటికి బోర్డు అంటే ఒక అట్టముక్క. నెలకు ఇంత, పూటకు ఇంత. అంతే. ఇంటినుంచి వచ్చే డబ్బు లెక్కపెట్టుకుని బతికే యువకుడికి అంతకుమించిన కవిత్వం అక్కర్లేదు. అదే దివిసీమలో రొయ్యల చెరువుల డబ్బు పారిన రోడ్డుమీద వెలసిన హోటళ్ళను చూడండి. పేరు పది అడుగులు, ధర ఎక్కడా కనిపించదు. తోలు అట్ట వేసిన పుస్తకంలో దాగి వుంటుంది. కూర్చున్న తర్వాతగాని అది చేతికి రాదు. కూర్చున్న తర్వాత లేచిపోవడానికి మధ్యతరగతి మనిషికే ప్రాణం వొప్పదు. కూలిమనిషి సంగతి చెప్పాలా? అతను అసలు గుమ్మం దాకా రాడు. ‘రావద్దు’ అని ఎవరూ రాయలేదు. ధర గోడమీద లేకపోవడమే ఆ మాట చెప్పింది. పాత బోర్డు కులం రాసి బయట నిలబెట్టేది, కొత్త బోర్డు ధర రాయకుండా బయట నిలబెడుతోంది.

ఏం రాసిచ్చాను?

మూడు రోజుల తర్వాత కుర్రవాడు వచ్చాడు. కాగితం అతని చేతిలో పెట్టాను. దానిమీద ‘చింతచెట్టు హోటలు’ అని మాత్రమే వుంది.

“ఇదేంటి మాస్టారూ, ఇది అందరూ అనేదేగా!” అన్నాడు.

“అందుకే. నలభై యేళ్ళు జనం వూరికే చేసిపెట్టిన ప్రచారం. డబ్బిస్తే దొరికేది కాదు.”

“మరి నాలుగు వాక్యాలు?”

“అవి పలకమీద రాయి. ఇడ్లీ ఎంత, భోజనం ఎంత, చేపల కూర ఎంత, మజ్జిగ ఎంత. పలక మాత్రం బయటికి తీసుకురా, రోడ్డుమీదకు కనిపించాలి.”

అతను చాలాసేపు మాట్లాడలేదు. అతని ఇబ్బంది నాకు తెలియనిది కాదు. నూనె ధర, గ్యాసు ధర, అద్దె పెరిగాయి. ఎదురుగా పెద్ద హోటలు వచ్చింది. ఫోనులో ఆర్డరు తీసుకుని ఇంటికి చేర్చే కంపెనీలు ప్రతి బిల్లులోనూ వాటా కోసుకుంటాయి. ఆ ఫోను తెరమీద చిన్నబొమ్మగా కనిపించకపోతే అక్కడ బేరం వుండదు. చిన్న పెట్టుబడిదారుడు పెద్ద పెట్టుబడిని అనుకరించక తప్పని స్థితి అది. అతన్ని ద్రోహిగా చూస్తే మన విశ్లేషణ మొత్తం గాలికి పోతుంది. అందుకే బోర్డు శుభ్రంగా, కొత్తగా, దూరానికి కనిపించేటట్లు వుండాలనీ, ఫోనుకు పనికివచ్చే బొమ్మ ఒకటి కావాలనీ నేనూ వొప్పుకున్నాను. చింతచెట్టే బొమ్మ. ఆకుపచ్చ, తెలుపు, రెండే రంగులు. పెదనలో అచ్చు చెక్కించమన్నాను.

చివరికి జరిగింది సగం నేను చెప్పినది, సగం డిజైనరు చెప్పినది. పేరు నిలిచింది. కింద ఇంగ్లీషులో ‘సిన్స్’ అని ఒక సంవత్సరం చేరింది. అచ్చు చెక్కించడానికి తీరిక దొరకలేదట. పలక మొదటి నెల లోపలే వుండిపోయింది. ఒకరోజు చేపల గంప దించుకున్న ఒకామె కొత్త గాజుతలుపు ముందు నిలబడి, తోసి లోపలికి వెళ్ళడానికి జంకుతూ చూస్తూ వుంటే, పెద్దాయన, కుర్రవాడి తండ్రి, లేచి వచ్చి తలుపు తీశాడు. మర్నాడు పలక బయటికి వచ్చింది. దాన్ని మోసుకొచ్చింది ఆయనే. నా వ్యాసాలు చదివి కాదు, రోజూ వచ్చే మనిషి రాకుండా పోతుందన్న భయంతో.

రచయితలకు ఈ కథలో పనికివచ్చేది ఏమైనా వుందా? వుందనే అనుకుంటాను. మన పుస్తకాల అట్టలమీద కూడా ముసలమ్మలూ, ఎడ్లబళ్ళూ, కష్టజీవుల బొమ్మలూ విరివిగానే వున్నాయి. లోపల రాసినది ఎవరికి అందుతోంది, ఆ బొమ్మలోని మనిషి ఆ పుస్తకం తెరిస్తే మొదటి పేజీ దాటగలడా అన్న ప్రశ్న మాత్రం మనం తరచుగా వేసుకోవడం లేదు. వస్తువు ప్రజలది, రూపం మరెవరికో అయినప్పుడు అది కూడా గాజుతలుపే. నేటి యువ రచయితలు చాలామంది ప్రకటనల కంపెనీల్లో పనిచేస్తున్నారు. పొట్టకోసం ఆ పని చేయడంలో అవమానం లేదు. కాని కాగితంమీద కలం పెట్టేముందు ఒక్కసారి ఆ హోటలు గుమ్మం దగ్గర నిలబడి, ఎవరు ఆగి చూస్తున్నారో, ఎవరు ఆగకుండానే పోతున్నారో లెక్కపెట్టుకోవాలి. పేరు ఎంత అందంగా పెట్టినా సరే, పలక ఎక్కడ వేలాడుతోందో చూడాలి.